నల్లగిన్నె ముగింపు కోసం సౌత్ షీల్డ్స్ దాకా

ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాక మా లైబ్రరీకి వచ్చేవాళ్లు తలా ఒకటి అడిగారు. రాణిగారి భవనం చూశారా అని ఒకరు, మంచు పడిందా అని ఇంకొకరు. భవనం చూడలేదు. మంచు పడలేదు, వాన పడింది. నెల రోజుల్లో చెప్పుకోదగ్గవి ఓ ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో నేను ఎక్కడికి వెళ్లానో, ఎందుకు వెళ్లానో ఇక్కడ రాస్తున్నాను. మిగతా రోజులు చాలావరకు నిద్రపోయాను.

కాకినాడలో ఒక శాఖా గ్రంథాలయంలో నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా వారపత్రికలకి అపరాధ పరిశోధన నవలలు రాస్తున్నాను. ముప్ఫై ఎనిమిదోది ‘నల్లగిన్నె’. విశాఖ రేవు నుంచి లండన్ వేలంశాలకీ, అక్కడి నుంచి జపాన్‌లోని కోబే నగరానికీ తిరిగే కథ. నాలుగు వందల ఏళ్లనాటి నల్లటి టీ గిన్నె ఒకటి దొంగతనంగా ఓడలు మారుతుంది. కోబేలో, జపాన్ వాళ్లు ఎంతో పద్ధతిగా జరుపుకునే టీ విందులో, హయాషి అనే ముసలి ఓడల యజమాని విషం తాగి చనిపోతాడు. జపాన్ నేను చూడలేదు. మా లైబ్రరీలో ఉన్న రెండు పాత పుస్తకాలు చూసి రాశాను.

ముప్ఫై ఒకటో భాగం అచ్చయ్యాక పత్రిక మూతపడింది. ఇంకా ఆరు వారాల కథ మిగిలిపోయింది. నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. ప్రతి గురువారానికీ ఎవరినో ఒకరిని చంపాలి, లేదా చంపబోయి ఆపాలి. అలిసిపోయాను. విజయవాడ ప్రచురణకర్త ఒకాయన పుస్తకంగా వేస్తానని, ముగింపు రాసి పంపమని అన్నాడు. ఇదిగో అదిగో అంటూ పది నెలలు గడిపేశాను.

అప్పుడొచ్చింది ఒక ఉత్తరం. గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు. సౌత్ షీల్డ్స్, ఇంగ్లండు అని చిరునామా. ‘నా భర్త ప్రసాద్ మీ కథని నాకు జపాను భాషలో చెప్పేవాడు. ఫిబ్రవరిలో చనిపోయాడు. కథ పూర్తి కాలేదు. హంతకుడు ఎవరో ఒక్క వాక్యంలో రాస్తారా? సచికో.’

ఒక్క వాక్యమే. నా దగ్గర జవాబు కూడా ఉంది. కానీ భర్త పోయిన మనిషికి హంతకుడి పేరు ఒక్కటీ కవర్లో పెట్టి పంపడానికి చేయి రాలేదు. బేసింగ్‌స్టోక్‌లో ఉండే మా చెల్లెలి కూతురు మాధవి మూడేళ్లుగా రమ్మని పోరుతోంది. ఎలాగూ వెళ్తున్నాను కదా, ఆ మాటేదో నోటితోనే చెబుదామనుకున్నాను. అది 2004, అక్టోబరు నెల.

బేసింగ్‌స్టోక్

ఈ ఊళ్లో మనుషులు కార్లలో పుట్టి కార్లలోనే పెరుగుతారేమో అనిపించింది. మాధవి ఆఫీసుకి కారు, పాల ప్యాకెట్టుకి కారు. ఫుట్‌పాత్ మీద నడుస్తున్నది నేనొక్కదాన్నే. రౌండెబౌట్ దగ్గర తిరిగి తిరిగి మళ్లీ అదే సూపర్‌మార్కెట్ ముందుకి రెండుసార్లు వచ్చాను. అక్కడ కొత్తిమీర కట్ట ధర చూసి, మా మెయిన్‌రోడ్డు మార్కెట్లో కూరలు కొన్నాక ఊరికే వేసే కొత్తిమీర గుర్తొచ్చి, కట్టని మళ్లీ అక్కడే పెట్టేశాను.

మాధవి కూతురు నిత్యకి తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. నేను నవలలు రాస్తానని తెలిసి పక్కన చేరింది.

“మర్డర్ స్టోరీసా? హూ డిడ్ ఇట్, అమ్మమ్మా?”

“జపాన్ ఆవిడ. టీ ఇచ్చే ఆవిడ.”

“దట్స్ టూ ఈజీ,” అంది నిత్య. అని టీవీ దగ్గరికి వెళ్లిపోయింది.

మాధవికి నేను ఒంటరిగా అంత ఉత్తరాన ఉన్న సౌత్ షీల్డ్స్‌కి వెళ్లడం ఇష్టం లేదు. “ఎవరో తెలీని ఆవిడ ఇంటికి ఏంటి పెద్దమ్మా? ఫోన్లో చెప్పేయొచ్చు కదా?”

“చెప్పేయొచ్చు,” అన్నాను. అని బ్యాగు సర్దుకున్నాను.

రైల్లో సుజాత

లండన్‌లో రైలు మారాక నా ఎదురు సీట్లో ముప్ఫై దాటిన తెలుగమ్మాయి కూర్చుంది. మెడలో సన్నటి గొలుసుకి సిలువ. నీలం యూనిఫాం మీద కోటు. నేను చీర మీద స్వెట్టరు, దానిమీద మాధవి మగడి రెయిన్‌కోటు వేసుకున్నాను. నన్ను చూసి నవ్వింది.

“ఎటు పోతున్రు ఆంటీ?”

ప్రాణం లేచొచ్చింది. తన పేరు మేరీ సుజాతట, ఊరు ఖమ్మం. డాంకాస్టర్‌లో ముసలివాళ్ల కేర్ హోంలో నర్సు. లండన్‌లో చర్చి స్నేహితురాలి ఇంట్లో పెళ్లి చూసుకుని, అటునుంచి అటే డ్యూటీకి వెళ్తోంది.

“డ్యూటీ రోటా మార్చుమంటే మార్చలే ఆంటీ. పెండ్లిల అన్నం గూడ సగమే తిన్న.” డబ్బాలో కట్టి ఇచ్చిన చికెన్ బిర్యానీ తెరిచి, నేను మాంసం తిననంటే, విడిగా పొట్లం కట్టిన రెండు గారెలు నాకిచ్చింది. కంపార్టుమెంటంతా మసాలా వాసన. పక్కనున్న తెల్లాయన పేపరు కొంచెం పైకెత్తాడు, అంతే.

నేనేం చేస్తానో, ఎవరింటికి ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆమె తినడం ఆపింది.

“అంటే మనుషుల్ని చంపుడు రాస్తరా?”

“అదే నా పని.”

“నేను చచ్చిపోయేటోళ్లని మస్తుగ చూసిన ఆంటీ. ఒక్కలు గూడ కతలల్ల లెక్క చచ్చిపోలే. మా హోంల ఎవరన్న పోతే ఫస్టు కిటికీ తెరుస్తం. ఇక్కడోళ్ల పద్ధతి. ఆత్మ పోవాల్నంట. వానొచ్చినా, చలి పెట్టినా తెరుస్తం.” డబ్బా మూత పెడుతూ అడిగింది. “ఆ జపానామె ఎవరు చంపిన్రో తెలుసుకోని ఏం జేస్తది?”

నాకు తెలియదన్నాను. డాంకాస్టర్‌లో దిగుతూ నా రెయిన్‌కోటు కాలరు సరిచేసి, “మీరు దిగే న్యూకాజిల్ రెండు గంటలు గూడ లేదు. నిద్ర పోవద్దు ఆంటీ,” అని హెచ్చరించి వెళ్లింది.

బెరిక్

నిద్రపోయాను.

కళ్లు తెరిచేసరికి కిటికీకి ఒకవైపంతా సముద్రం. రైలు ఎత్తైన వంతెన మీద నది దాటుతోంది. టికెట్ చూసిన మనిషి, న్యూకాజిల్ పోయి ముప్పావు గంటయిందనీ, ఇంకాసేపయితే స్కాట్లాండ్ అనీ చెప్పాడు. బెరిక్ అనే చిన్న స్టేషన్లో దించారు. ప్లాట్‌ఫాం మీద గాలికి నా చీర కుచ్చిళ్లు నిలవలేదు. స్టేషన్లో పనిచేసే పెద్దాయన నన్ను గదిలోకి తీసుకెళ్లి, సచికోకి ఫోన్ చేసి, మెషీన్‌లోంచి టీ తెచ్చిచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

“డోంట్ యు వర్రీ, పెట్,” అన్నాడు.

పెట్ అంటే పెంపుడు జంతువని తెలిసిన నేను కాస్త నొచ్చుకున్నాను. ఆ ప్రాంతంలో ఆడవాళ్లని అలా ప్రేమగా పిలుస్తారని తర్వాత తెలిసింది. మన దగ్గర ఏ స్టేషనుమాస్టరూ నన్ను ‘అమ్మడూ’ అనలేదు కాబట్టి ఆ మర్యాద నాకు కొత్త.

ఆ టీ గోరువెచ్చగా, రుచీ వాసనా లేకుండా ఉంది. మోకాళ్లు సలుపుతున్నాయి. యాభై ఆరేళ్ల వయసులో, కల్పించి రాసిన ఒక హంతకురాలి పేరు చెప్పడానికి నేనిక్కడ దాకా రావడం ఏమిటని మొదటిసారి నాకు నామీదే విసుగొచ్చింది.

సౌత్ షీల్డ్స్

వెనక్కి రైలెక్కి వచ్చి దిగేసరికి సచికో స్టేషన్ బయట గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పొట్టిగా, సన్నగా, యాభై దాటిన మనిషి. వంగి నమస్కారం చేసి, “రండి, రండి,” అంది తెలుగులో. ఆమెకి వచ్చిన తెలుగు ముక్కలు అరడజను. రండి, చాలు, కొంచెం, అన్నం, అయ్యో, పడుకో. మిగతాదంతా ఇద్దరం మాకొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

ప్రసాద్‌ది భీమవరం దగ్గర పల్లె. ఓడల ఇంజనీరు. కోబేలో ఓడల మరమ్మతు పనికి వెళ్లి ఈమెని పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత ఈ ఊరి నది ఒడ్డున అదే పనికి కుదిరాడు. పిల్లలు లేరు. భీమవరం నుంచి వాళ్లన్నయ్య నెలకోసారి వారపత్రికలు కట్ట కట్టి పంపేవాడట. జబ్బు చేసి మంచాన పడ్డ ఏడు నెలలూ నా కథే వాళ్ల కాలక్షేపం.

భోజనంలో మెత్తటి అన్నాన్ని ముద్దలుగా చేసి, సముద్రపు నాచుతో చేసిన నల్లటి పలచని కాగితంలాంటిది చుట్టింది. కొరికితే లోపల ఆవకాయ. నేను తెల్లబోయాను. మామిడికాయ దొరకదు కాబట్టి వంటకి వాడే పుల్లటి ఆకుపచ్చ ఆపిళ్లతో పెట్టిందట. ఆవపిండి సరిగ్గా పడింది, కారమూ సరిపోయింది. నేను మూడు ముద్దలు తిన్నాను.

ఆమె తన ముద్ద పళ్లెంలో పెట్టింది.

“ఇప్పుడు చెప్పండి. ఎవరు?”

నోటిదాకా వచ్చింది. ఫుమి. టీ విందు జరిపిన కోబే గురువు ఫుమి. మొదటి వారం నుంచీ నేను అనుకున్నది అదే. కానీ ఆమె వెనక గోడ మీద ఒక ఫోటో ఉంది. ముసలావిడ, బిగించి కట్టిన జుట్టు, ముందు ఒక గిన్నె.

“ఆవిడెవరు?”

“మా అమ్మ. టీ నేర్పేది.”

“రేపు చెబుతాను,” అన్నాను. “ఇవాళ బాగా అలిసిపోయాను.” అది నిజమే. కానీ కారణం అది కాదు.

ఒకే గిన్నె

మర్నాడు పొద్దున్న నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్లాం. మా కాకినాడ సముద్రానికి హోప్ ఐలాండ్ అడ్డం కాబట్టి పడుకున్న ఆవులా ఉంటుంది. ఇది అంట్లు కడిగిన నీళ్ల రంగులో ఉండి, ఊరికే ఒడ్డుని కొడుతూనే ఉంది. ఆ చలిలో కూడా జనం బెంచీల మీద కూర్చుని కాగితంలో చేపలూ బంగాళాదుంప ముక్కలూ తింటున్నారు.

సచికో ఏమీ అడగలేదు. ఆ అడక్కపోవడమే నాకు భారమైంది. ఇంటికొచ్చాక, “మీ గౌరవార్థం టీ చేస్తాను. మా పద్ధతిలో,” అంది. పక్కింటి డోరీన్‌ని కూడా పిలిచింది.

డోరీన్‌కి డెబ్భై ఏళ్లుంటాయి. భారీ మనిషి, గట్టి గొంతు. ఊరి లైబ్రరీ నుంచి వారానికి నాలుగు క్రైం నవలలు తెచ్చుకుంటుందట. సచికో ద్వారా నా కథ కూడా విందట.

“నువ్వేనా పెట్ ఆ గిన్నె కథ రాసింది?” అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. “నాకు చెప్పకు. నేనే కనిపెడతాను.”

వెనక గదిలో కార్పెట్ మీద రెండు గడ్డి చాపలు పరిచి ఉన్నాయి. నా మోకాళ్లూ డోరీన్ మోకాళ్లూ వంగవు కాబట్టి మాకు రెండు పొట్టి పీటలు వేసింది. సచికో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క మాట లేకుండా, పట్టుగుడ్డ మడత పెట్టి చెంచాని తుడిచింది. గిన్నెలో ఆకుపచ్చ పొడి వేసి, వేడినీళ్లు పోసి, వెదురు కుంచెతో మెదిపింది. కరివేపాకు రుబ్బినంత చిక్కగా అయింది.

గిన్నెని, పద్ధతి తెలిసిన డోరీన్ ముందు పెట్టింది. నా గిన్నె కోసం ఎదురు చూశాను. రాలేదు. డోరీన్ గిన్నెని రెండుసార్లు తిప్పి, మూడు గుక్కలు తాగి, తాగిన చోట అంచుని తడిగుడ్డ ముక్కతో తుడిచి, నాకు అందించింది.

చెయ్యి చాచలేకపోయాను. ఎంగిలి. మా ఇంట్లో కన్నతల్లి తాగిన గ్లాసు కూడా కడగకుండా ముట్టుకునేవాళ్లం కాదు. కానీ నన్ను ఆపింది అదొక్కటే కాదు.

“అందరికీ ఒకటే గిన్నెనా?” అన్నాను.

“చిక్కటి టీ అయితే ఒకటే,” అంది సచికో. “పలచటి టీకి వేరువేరుగా ఇస్తాం. చిక్కటిది పంచుకోవాలి. దాని అర్థమే అది.”

“నా కథలో నాలుగు గిన్నెలున్నాయి. ఫుమి నాలుగు గిన్నెల్లో చిక్కటి టీ ఇస్తుంది. హయాషి గిన్నెలో మాత్రమే విషం.”

సచికో నావైపు అయోమయంగా చూసింది. “లేదే. మీ కథలో గిన్నె ఒకటే. నల్లగిన్నె. ప్రసాద్ చదివాడు.”

“నాలుగు రాశాను,” అన్నాను.

డోరీన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ముందు ఆ టీ తాగు పెట్. చల్లారిపోతుంది.”

కళ్లు మూసుకుని తాగాను. చేదుగా, చివర తియ్యగా ఉంది. మా లైబ్రరీ పుస్తకంలోనూ ఒకే గిన్నె అనే ఉండి ఉంటుంది. నా ఎంగిలి పట్టింపుతో చదివి దాన్ని నాలుగు చేసుకున్నానని, అంచు మీద డోరీన్ తుడిచిన తడి తగిలినప్పుడు అర్థమైంది.

పెన్సిలు రాతలు

సచికో బీరువా అడుగు నుంచి అట్టపెట్టె తెచ్చింది. అంత్యక్రియలయ్యాక మూసిందట, మళ్లీ తెరవలేదు. ముప్ఫై ఒక్క సంచికలు వరసగా ఉన్నాయి. తొమ్మిదో భాగం తీసి అచ్చులో ఉన్నది చదివి అర్థం చెప్పాను. ‘నలుగురి ముందూ నాలుగు గిన్నెలు ఉంచింది ఫుమి.’

పక్కన మార్జిన్‌లో సన్నటి పెన్సిలు రాత, జపాను లిపిలో. అనువాదం కోసం రాసుకున్న మాటలనుకునేదట ఆమె. కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

“ఏముంది?”

“‘గిన్నె ఒకటే. రచయిత్రికి తెలియదు. సచికోకి ఒకటని చెప్పాలి.’”

అలా పేజీ పేజీకీ ఉన్నాయి. నా నాయిక కిమోనో అంగీని కుడి అంచు ఎడమదాని మీదికి వచ్చేలా కట్టుకుంటుంది. అలా కట్టేది శవానికట. ప్రసాద్ సరిచేశాడు. హయాషి చెప్పులతో చాప మీదికి వస్తాడు. ప్రసాద్ చెప్పులు విప్పించాడు. నేను వసంతంలో పూయించిన పువ్వుల్ని ఆయన శరదృతువుకి మార్చాడు. సచికో మొదట నవ్వింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“ఏడు నెలలు నాకు అబద్ధం చదివాడు,” అంది.

పందొమ్మిదో భాగంలో ఒక బొమ్మ ఉంది. నాలుగు సున్నాలు వరసగా. లండన్ వ్యాపారి, విశాఖ ఓడల ఏజెంటు చక్రధర్, చనిపోయిన హయాషి, ఓడ డాక్టరు. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అది. నేనేదో తోచినట్టు కూర్చోబెట్టాను. చక్రధర్ పేరు పక్కన టిక్కు. కింద సచికో చదివింది. ‘గిన్నె ఒకటే అయితే ఫుమి చేయలేదు, చేస్తే అందరూ చావాలి. అంచు తుడిచి పక్కవాడికి అందించినవాడు చేశాడు. గుడ్డకి విషం.’

డోరీన్ తొడ మీద కొట్టుకుంది. “చూశారా! ముందు చూడాల్సింది ఎవరెక్కడ కూర్చున్నారన్నదే.”

ఆ కింద ఇంకో ముక్క ఉంది. అది తెలుగులో ఉంది. సచికోకి చదవడం రాదు, నాకు వచ్చు. ‘చక్రధరే. కానీ ఈవిడ ఒప్పుకోదు, మనవాడు కదా.’

చక్రధర్ పాఠకులకి ప్రాణం. జోకులు వేస్తాడు, పెసరట్టు కోసం కోబే అంతా తిరుగుతాడు. మా అన్నయ్య మాటతీరంతా వాడికి పెట్టాను. చనిపోయిన మనిషి ఒకడు పెన్సిలుతో నన్ను పట్టుకున్నాడు.

“ఆ తెలుగు ఏమిటి?” అని అడిగింది సచికో.

చెప్పాను. ఆమె నాలుగో భాగం తీసి నా చేతిలో పెట్టింది. “ఇక్కడ ఫుమి మొదటిసారి వస్తుంది. ప్రసాద్ చెప్పిన ఫుమికి వేళ్లు వంకర్లు పోయి ఉంటాయి, మా అమ్మకి లాగా. విద్యార్థి తప్పు చేస్తే తిట్టదు, మళ్లీ నీళ్లు పెడుతుంది. మా అమ్మ ప్రసాద్‌ని పెళ్లి చేసుకున్నానని నాతో పదకొండేళ్లు మాట్లాడలేదు. అయినా అలాంటి మనిషిని మీరు ఎంత బాగా రాశారో అని నేను మీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మీరేం రాశారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.”

దాటవేయొచ్చు. అచ్చులో ఉన్నది ఆమెకి అర్థం కాదు.

“‘ముఖానికి తెల్లటి పొడి, పాములాంటి చూపు, నవ్వులో విషం,’” అని చదివి ఇంగ్లీషులో చెప్పాను. “హంతకురాలు ఆమే. మొదటి నుంచీ నేను అనుకున్నది అదే. జపాన్ గురించి నాకేం తెలీదు సచికో గారూ. పరాయి మనిషిని హంతకురాల్ని చేయడం సులువు. అందుకే చేశాను.”

సచికో లేచి గిన్నె కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టింది. కోటు వేసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. బయట వాన.

నేను బ్యాగులో బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. డోరీన్ కదల్లేదు. “ఎక్కడికీ? మోకాళ్లు చూసుకున్నావా? కూర్చో. రానియ్యి.”

గంటకి పైనే పట్టింది. జుట్టంతా తడిసి, చేతిలో బేకరీ సంచీతో వచ్చింది. అందులో పళ్లెమంత పెద్ద గుండ్రటి రొట్టె. ఆ ఊళ్లో స్టాటీ అంటారట. బ్యాగు చూసింది, నన్ను చూసింది.

“ముగింపు ఇంకా రాయలేదు కదా?”

“లేదు.”

“అయితే అక్కడ కూర్చోండి,” అని వంటింటి బల్ల చూపించింది.

వంటింటి బల్ల

ఒక పూట అనుకున్నది అయిదు రోజులైంది. ప్రసాద్ కుర్చీలో కూర్చుని, నోటు పుస్తకంలో రాశాను. మళ్లీ రాయాల్సింది ముగింపు ఒక్కటే కాదు. నాలుగు గిన్నెల్ని ఒకటి చేయాలి. ఫుమికి వంకర వేళ్లు పెట్టాలి. నా సందేహాలకి సచికో జవాబులు చెప్పేది. మధ్యలో డోరీన్ వచ్చి, స్టాటీ రొట్టె, వెన్న, టీతోపాటు విషాల గురించి తనకి తెలిసినదంతా ఇచ్చి వెళ్లేది.

చక్రధర్‌ని హంతకుణ్ణి చేయడానికి కొత్తగా కల్పించాల్సింది ఏమీ లేకపోయింది. గిన్నె ఉన్న పెట్టెని ఓడెక్కించింది వాడు. హయాషి ఆ గిన్నెని గుర్తుపట్టాడని తెలిసింది వాడికి. విందుకి పట్టుబట్టి వచ్చిందీ వాడే. అన్నీ నేనే రాసి పెట్టాను. వాడి మీద ఇష్టంకొద్దీ చూసుకోలేదంతే. వాడిచేత నేరం ఒప్పించిన పూట నాకు అన్నం సయించలేదు. మా అన్నయ్య గొంతుతోనే ఒప్పుకున్నాడు మరి.

మర్నాడు పొద్దున్న ఫోన్ కార్డు కొనుక్కుని విజయవాడకి ఫోన్ చేశాను.

“చక్రధరా?” అన్నాడు ప్రచురణకర్త. “మేడమ్, మీకు ఒంట్లో బాగుందా? కవరు మీద జపాన్ ఆవిడ బొమ్మ వేయించేశాం. చేతిలో గిన్నె, గిన్నెలోంచి నెత్తురు.”

“ఆవిడ చంపలేదండీ.”

“రాసేది మీరే కదా, చంపించండి! జనం చక్రధర్ కోసమే కొంటారు.”

“కుదరదు. లేదంటే నా రాతప్రతి నాకు ఇచ్చేయండి.”

ఇరవై ఆరేళ్లలో నేను ఎవరితోనూ ఆ మాట అనలేదు. చివరికి, “మీ ఇష్టం మేడమ్. నెత్తురు తీయిస్తాను. బొమ్మ మాత్రం ఉంటుంది,” అన్నాడు. తర్వాత పుస్తకం అలాగే వచ్చింది. చక్రధర్‌ని పాడు చేశావని నన్ను తిడుతూ ఉత్తరాలు కూడా అలాగే వస్తున్నాయి.

ఆఖరి పొద్దు

తిరుగు రైలు న్యూకాజిల్ నుంచి పన్నెండున్నరకి. తొమ్మిది గంటలకే కాఫీలు ముగించి, చివరి ఆరు భాగాలూ ఇంగ్లీషులో చెప్పడానికి కూర్చున్నాను.

“ఇంగ్లీషు వద్దు,” అంది సచికో. “తెలుగులో చదవండి.”

“మీకు అర్థం కాదు కదా.”

“కథ నాకు తెలుసు. అయిదు రోజులుగా చెబుతూనే ఉన్నారు. ప్రసాద్ ముందు తెలుగులో పెదాలు కదుపుతూ తనలో చదువుకునేవాడు. తర్వాత నాకు జపాను భాషలో చెప్పేవాడు. ఆ మొదటిది నాకెప్పుడూ వినపడలేదు.”

చదివాను. మొదట ఏదోలా అనిపించింది, గోడకి చదువుతున్నట్టు. తర్వాత కుదురుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని వింది. కిటికీ అద్దాల మీద వాన జారుతోంది. ఫుమి అని వచ్చినప్పుడల్లా తల కొంచెం ఊపింది. చక్రధర్ తడిగుడ్డ మడత విప్పి చూపించే చోట ఆమె పెదాలు కదలడం గమనించాను. ‘కొంచెం’ అన్న మాట వచ్చింది అక్కడ. అది ఆమెకి తెలుసు. చివరి వాక్యంలో ఫుమి గిన్నె కడిగి మళ్లీ నీళ్లు పెడుతుంది.

నోటు పుస్తకం మూశాను. గొంతు బొంగురుపోయింది. సచికో కళ్లు తెరవలేదు. చెంపలు తడిగా ఉన్నాయి, కానీ మొహం ప్రశాంతంగా ఉంది.

“ఇంకోసారి,” అంది.

గడియారం వైపు చూశాను. పదకొండు దాటింది. ఇప్పుడు బయల్దేరితేనే రైలు అందుతుంది. లేచి ముందుగదిలోకి వెళ్లి, బేసింగ్‌స్టోక్‌కి ఫోన్ చేసి, రేపు వస్తానని మాధవికి చెప్పాను. గ్లాసెడు మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చుని, మొదటి పేజీ తీశాను.